సైగాన్ తరువాత అమెరికా సైన్యం నేర్చుకున్నదీ, పక్కన పెట్టినదీ

1975 ఏప్రిల్ 30న ఉత్తర వియత్నాం ట్యాంకులు దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్‌లోని అధ్యక్ష భవనం ప్రాంగణంలోకి ప్రవేశించేనాటికి, అమెరికా తన పోరాట సేనలను అక్కడినుంచి ఉపసంహరించుకుని రెండేళ్లు దాటింది. 58 వేలకు పైగా సైనికులను పోగొట్టుకున్న ఆ అగ్రరాజ్యం ఇక ముడుచుకుపోతుందనీ, ఆగ్నేయాసియా దేశాలు వరసగా కమ్యూనిస్టుల వశమవుతాయనీ చాలామంది భయపడ్డారు. కంబోడియా, లావోస్ ఆ ఏడాదే వారి చేతికి వెళ్లాయి. థాయ్‌లాండ్, మలేసియా, ఇండోనేసియా మాత్రం నిలబడ్డాయి. పైగా 1979 ఫిబ్రవరిలో కమ్యూనిస్టు చైనాయే వియత్నాం మీద దండెత్తింది. చైనా, సోవియట్ యూనియన్‌ల మధ్య వైరాన్ని గమనించి అమెరికా అధ్యక్షుడు నిక్సన్ 1972లోనే బీజింగ్ వెళ్లి వచ్చారు కనుక, సైగాన్ చేజారినా ప్రపంచ బలాబలాల తూకం అమెరికాకు వ్యతిరేకంగా ఒరిగిపోలేదు.

ఓటమి దెబ్బ అసలు తగిలింది దేశం లోపల. నిర్బంధ సైనిక నియామకం 1973లో ఆగిపోయింది. అదే ఏడాది నవంబరులో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్, నిక్సన్ వీటోను తోసిపుచ్చి, సేనలను పోరుకు పంపిన 48 గంటల్లో అధ్యక్షుడు తమకు తెలియజేయాలనీ, తమ అనుమతి లేనిదే 60 రోజులకు మించి పోరు సాగించరాదనీ చట్టం చేసింది. తరువాతి అధ్యక్షులు ఈ చట్టాన్ని మనస్ఫూర్తిగా అంగీకరించలేదు. అయినా, ఆఫ్రికాలోని అంగోలా అంతర్యుద్ధంలో రహస్య సహాయానికి కాంగ్రెస్ నిధులు ఆపివేయడం చూస్తే, మరో వియత్నాంలో చిక్కుకోరాదన్న భయం ఎంత బలంగా ఉండేదో అర్థమవుతుంది.

సైన్యం తనను తాను పరీక్షించుకున్న తీరు నాకు మరింత ఆసక్తికరంగా తోస్తుంది. వైమానిక నష్టాలను విశ్లేషించిన వారికి ఒక విషయం స్పష్టమైంది: పైలట్‌కు ప్రాణగండం ఎక్కువగా ఉండేది మొదటి పది పోరాటాల్లోనే, ఆ పదీ దాటినవాడు బతికి బయటపడే అవకాశం బాగా పెరుగుతుంది. అలాగైతే ఆ మొదటి పదీ ప్రాణభయం లేనిచోట, నిజమైన పోరుకు వీలైనంత దగ్గరగా జరిపించవచ్చు కదా అన్న ఆలోచన నుంచి 1975లో నెవాడా ఎడారి మీద ‘రెడ్ ఫ్లాగ్’ విన్యాసాలు మొదలయ్యాయి. సోవియట్ పద్ధతుల్లో ఎగిరే ప్రత్యర్థి దళాన్ని ప్రత్యేకంగా తయారుచేసి, శత్రు రాడార్లను అనుకరించే పరికరాలను నేలమీద అమర్చారు. కొన్నేళ్లకు పదాతి, ట్యాంకు దళాలకూ కాలిఫోర్నియాలోని ఫోర్ట్ ఇర్విన్‌లో ఇలాంటి కేంద్రమే ఏర్పడింది. అక్కడ గుండ్లకు బదులు లేజర్ కిరణాలు వాడతారు, ఎవరు ఎవరికి చిక్కారో పరికరాలే చెబుతాయి, పోరు ముగిశాక హోదాల బెరుకు లేకుండా పొరపాట్లు చర్చిస్తారు.

అయితే ఈ శిక్షణంతా ఏ యుద్ధం కోసం? 1973 అక్టోబరులో అరబ్బులు, ఇజ్రాయెల్ మధ్య జరిగిన ట్యాంకు యుద్ధాలను సైన్యాధికారులు శ్రద్ధగా అధ్యయనం చేసి, ఐరోపా మైదానాల్లో సోవియట్ సేనలను ఎదుర్కొనేందుకు సిద్ధమయ్యారు. ఆ సన్నాహం 1991లో ఇరాక్ ఎడారిలో ఫలించి, నేలమీది పోరు 100 గంటల్లో ముగిసింది. వియత్నాం పీడ శాశ్వతంగా వదిలిందని నాటి అధ్యక్షుడు సీనియర్ బుష్ ప్రకటించారు.

కానీ వియత్నాంలో అమెరికాను విసిగించినది ట్యాంకుల బారు కాదు. ఊళ్లలో జనంతో కలిసిపోయిన గెరిల్లాలు, ప్రజల విశ్వాసం కోల్పోయిన మిత్ర ప్రభుత్వం. ఆ అనుభవాన్ని సైన్యం చేదు జ్ఞాపకంగా పక్కన పెట్టింది. ఇది అర్థం చేసుకోదగినదే అయినా, క్షమించదగిన పొరపాటు కాదని నా అభిప్రాయం. 2003లో బాగ్దాద్‌ను మూడు వారాల్లోనే పట్టుకున్న సేనలకు ఆ తరువాత వీధుల్లో ఎదురైన తిరుగుబాటును ఎలా ఎదుర్కోవాలో తెలియలేదు. తిరుగుబాట్లను అణచడం గురించి ప్రత్యేకంగా రాసిన కొత్త సైనిక గ్రంథం 2006 డిసెంబరులో వెలువడింది. అంతకుముందు సైన్యం అలాంటి గ్రంథాన్ని ప్రచురించి 20 ఏళ్లయింది.