కరివేపాకులో వాటా

మా ఇంట్లో కరివేపాకు చెట్టు దగ్గర మొదటి గొడవ ఒక పిట్ట రెట్ట వల్ల వచ్చింది. చారులోకి నాలుగు రెబ్బలు కోసుకురమ్మని అత్తయ్య అంటే మిద్దెపైకి వెళ్లాను, ఒక ఆకు మీద నలుపూ తెలుపూ కలిసిన చిన్న మరక ఉంది, గోటితో గీకబోతే కదిలింది. అది రెట్ట కాదు, కామన్ మార్మన్ అనే నల్ల సీతాకోకచిలుక తాలూకు గొంగళిపురుగు. రెట్టని ఏ పిట్టా తినదు కాబట్టి చిన్నప్పుడు అదే వేషం వేస్తుంది. పెరిగాక ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. అప్పుడు ముట్టుకుంటే తల వెనక నుంచి రెండు పాయల ఎర్ర కొమ్ము బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. మా బాబు ఆ కొమ్ము చూడాలని దాన్ని నాలుగుసార్లు విసిగించాడు, పాపం.

మాది మల్కాజిగిరిలో ఇరుకు ఇల్లు, మూడు పక్కలా అపార్ట్‌మెంట్లు, నేల అనేది గేటు పక్కన నాలుగడుగులే, మిగతాదంతా మిద్దె మీద కుండీలూ డ్రమ్ములూ. ఇంత సిమెంటు మధ్య ఆ సీతాకోక మా చెట్టునే ఎలా పట్టుకుంది? కరివేపాకు నిమ్మ, బత్తాయి కుటుంబంలోది, ఈ సీతాకోక పిల్లలు ఆ కుటుంబం ఆకులే తింటాయి. తల్లి ఆకు మీద వాలి ముందు కాళ్లతో టపటపా తట్టి చూస్తుంది, ఆ కాళ్లకే రుచి తెలుస్తుంది మరి, సరైన ఆకే అని తేలితే ఒక గుడ్డు పెట్టి ఎగిరిపోతుంది. కాబట్టి తోట నిండా పూలు పెట్టేసి సీతాకోకలు రావాలంటే సగం పనే చేసినట్టు. పూలు పెద్దవాటికి తేనె తాగడానికి, పిల్లలకి మాత్రం ఆకు కావాలి, అదీ వాటి ఆకే కావాలి. జిల్లేడుని మనం పిచ్చి మొక్క అని పీకేస్తాం కానీ ప్లెయిన్ టైగర్ అనే సీతాకోక పిల్లలు దాన్ని తిని అందులోని విషాన్ని ఒంట్లో దాచుకుని పిట్టల నుంచి తప్పించుకుంటాయి.

పూల విషయంలోనూ నాకు తర్వాత తెలిసిన సంగతి ఒకటుంది. బతుకమ్మకి పనికొస్తుందని ఒక డ్రమ్ములో తంగేడు పెట్టాం. ఆ పువ్వులో తేనె ఉండదు, ఉన్నదల్లా పుప్పొడి, అది కూడా కేసరాల లోపల బందీ, కొసన ఉన్న చిన్న రంధ్రంలోంచి రావాల్సిందే, పౌడరు డబ్బా మూతలోంచి వచ్చినట్టు. డబ్బాని ఎవరో ఒకరు ఊపాలి. ఆ పని నల్ల తుమ్మెద చేస్తుంది, పువ్వుని పట్టుకుని రెక్కల కండరాలతో జుంయ్ మని అదిరిస్తుంది, పొడి రాలి దాని పొట్ట మీద పడుతుంది. తేనెటీగలకి ఈ విద్య రాదు. వంగ, టమాటా పువ్వులకీ ఇదే ఏర్పాటు. గాలికి కొంత పని జరుగుతుంది, తుమ్మెద వస్తే కాపు బాగుంటుంది. దాని ఆకారం చూసి భయపడతాం కానీ చేత్తో పట్టుకుంటే తప్ప ఆడది కుట్టదు, మగదానికి అసలు కొండే లేదు. ఎండు వెదురులో తొలుచుకుని గూడు పెట్టుకుంటుంది, అందుకే పాత పందిరి కర్ర ఒకటి మూలన అలాగే వదిలేశాం.

బూజు సంగతి చెబితే అత్తయ్య ఇప్పటికీ ఒప్పుకోరు. పండక్కి ముందు ఇల్లంతా దులపాల్సిందే, సరే, మిద్దె మెట్ల కింద మూల మాత్రం వదిలెయ్యమని బతిమాలుకున్నాను. తేనెపిట్ట గూడు కట్టేది సాలెపురుగు దారాలతోనే, సంచిలా వేలాడే ఆ గూడు పిల్లలు పెరిగేకొద్దీ సాగాలంటే అంతకంటే మంచి సరుకు లేదు. కుట్టుపిట్ట కూడా ఆకుల్ని ఆ దారాలతో, దూది పోగులతో కుట్టేసుకుంటుంది.

పిట్టల కోసం మూకుడులో నీళ్లు పెడితే దోమలొస్తాయని పక్కింటి ఆంటీ టెన్షన్ పడ్డారు, అందులో న్యాయం ఉంది. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కల దాకా రావడానికి వారం, పది రోజులు చాలు. రెండు రోజులకోసారి పారబోస్తే పిల్లలు పెరగవు, కానీ పారబోస్తే సరిపోదు, అంచుకి అంటుకున్న గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, కొబ్బరి పీచుతో తోమాలి. ఆ డ్యూటీ బాబుది.

మందు కొట్టడం మానేశాం. వేపనూనె కదా ఏం కాదులే అని మొదట్లో కొట్టాను, పేనుబంకతో పాటు గొంగళ్ల ఎదుగుదలా ఆగిపోయి నాలుగు రోజుల్లో రాలిపోయాయి. పైగా గొంగళ్లు లేకపోతే పిట్టలకీ ఇక్కడ పనిలేదు. గింజలు తినే పిచ్చుక కూడా కళ్లు తెరవని పిల్లలకి పెట్టేది పురుగులే, బియ్యం చల్లితే పెద్దవి తింటాయి అంతే.

చివరికి కుదిరిన రాజీ ఏమిటంటే రెండు కరివేపాకు చెట్లు. ఒకటి వంటింటిది, దాని కొమ్మకి అత్తయ్య ఎర్ర గుడ్డ కట్టారు, రెండోది పురుగులది, దాన్ని ఎవరూ కొయ్యరు. ఏర్పాటు బాగానే ఉందనుకున్నాం. మొన్న వాన తగ్గాక చూస్తే కొత్త గుడ్లన్నీ ఎర్ర గుడ్డ చెట్టు మీదే ఉన్నాయి, ఎందుకంటే రోజూ కొయ్యడం వల్ల లేత చిగుళ్లు వచ్చేది దానికే, చిన్న పిల్లలు నమలగలిగేది ఆ చిగుళ్లనే. కొయ్యకుండా వదిలేసిన చెట్టు ముదిరిపోయి ఊరికే నిలబడి ఉంది. అత్తయ్య కాసేపు చూసి ఆ ఎర్ర గుడ్డ విప్పి దానికి కట్టారు.