60కీ 80కీ మధ్య చీజ్ డిప్

దాలి ఉన్న ఇళ్లలో పాలకుండ పొద్దున పిడకల నిప్పు మీదికి ఎక్కితే సాయంత్రం దాకా దిగేది కాదు. పాలు పొంగవు, అడుగంటవు. ఎర్రగా కాగి మందాన మీగడ కడతాయి. స్లో కుకర్‌ది కూడా ఇంచుమించు అదే పద్ధతి, పిడకల బదులు కరెంటు తీగ. అయితే దాలిలో సెగ అడుగు నుంచి వస్తుంది. చాలా స్లో కుకర్లలో వేడి తీగ పింగాణీ గిన్నె చుట్టూ పక్కగోడల్లో ఉంటుంది. చిప్స్ ముంచుకు తినే కరిగిన చీజ్, అంటే చీజ్ డిప్, ముందుగా అంచుల్లోనే మాడేది అందుకే.

అసలు ఈ పాత్రను చీజ్ కోసం తయారు చేయలేదు. యూదులు విశ్రాంతి దినానికి ముందురోజే పొయ్యి మీద పెట్టి రాత్రంతా మగ్గనిచ్చే చోలెంట్ అనే గింజల కూర గురించి షికాగోకు చెందిన ఇర్వింగ్ నాక్సన్ తల్లి నోట విన్నాడు. అలా మగ్గబెట్టే కరెంటు పాత్రకు 1936లో పేటెంట్ దరఖాస్తు పెట్టాడు, 1940లో అది చేతికొచ్చింది. 1970లో అతని కంపెనీని రైవల్ కొన్నది. మరుసటి ఏడు ఆ పాత్ర క్రాక్‌పాట్ పేరుతో బజారులోకి వచ్చింది. అమెరికాలో ఫుట్‌బాల్ ఆటల రోజున బల్ల మీద చిప్స్ పక్కన వేడి డిప్‌తో కూర్చోవడం ఆ తర్వాత దానికి దక్కిన రెండో ఉద్యోగం.

ఆ డిప్‌లలో టెక్సస్ వాళ్ల కేసోకే, అంటే కారంగా ఉండే కరిగిన చీజ్‌కే పెద్దపీట. దాని సులువైన రూపంలో ఉండేవి రెండే సరుకులు: 450 గ్రాముల వెల్వీటా అనే ప్రాసెస్డ్ చీజ్, పచ్చిమిరపకాయలు కలిపిన రో-టెల్ టమాటా డబ్బా ఒకటి, అంటే 280 గ్రాములు. రో-టెల్ 1943లో టెక్సస్‌లోని ఎల్సా అనే ఊళ్లో పుట్టింది. వెల్వీటాను 1918లో న్యూయార్క్ రాష్ట్రంలోని మన్రోలో ఎమిల్ ఫ్రే తయారు చేశాడు. చీజ్ ముక్కలు చేసి, టమాటా పోసి, కుకర్‌కుండే లో, హై, వార్మ్ అనే మీటల్లో లో మీద గంటా గంటన్నర ఉంచి మధ్యలో నాలుగుసార్లు కలిపితే చాలు, విరగదు. అదే కొట్లో కొన్న మంచి చెడ్డార్ చీజ్‌తో చేస్తే మాత్రం కింద పలుకులు, పైన నూనె.

ఈ తేడా కాల్షియంలో ఉంది. చీజ్ అంటే కేసీన్ ప్రోటీన్ అల్లిన వల, ఆ వలలో చిక్కుకున్న కొవ్వు, నీళ్లు. వల పోగుల్ని పట్టి ఉంచే జిగురు కాల్షియం. 32 డిగ్రీల దగ్గర కొవ్వు కరుగుతుంది, 60 దగ్గరికొచ్చేసరికి వల వదులై చీజ్ జారుతుంది. ఇంకా కాగితే, సుమారు 80 దాటాక, పోగులు ఒకదాన్నొకటి బిగించుకుని నీటిని పిండేస్తాయి, కొవ్వు బయటపడుతుంది. సోడియం సిట్రేట్ వేస్తే అది కాల్షియాన్ని లాక్కుని సోడియాన్ని ఇస్తుంది. విడిపడిన కేసీన్ ఒక కొసతో కొవ్వునూ మరో కొసతో నీటినీ పట్టుకుంటుంది. వెల్వీటాలో ఇలాంటి లవణాలు ముందే ఉంటాయి. మన కొట్లలో దొరికే ప్రాసెస్డ్ చీజ్ అట్ట మీద 331 అనే సంఖ్య కనిపిస్తే అది సోడియం సిట్రేటే. తమాషా ఏమిటంటే, దాని రసాయన సూత్రంలో అంకెలు వదిలేసి అక్షరాలు వరసగా చదివితే ఇంగ్లిష్‌లో నాచో అని వస్తుంది!

పనీర్‌తో ఈ డిప్ చేద్దామనుకుంటే కుదరదు. పాలను పులుపుతో విరగ్గొట్టినప్పుడే కాల్షియం విరుగుడు నీళ్లలోకి పోయింది. ఆ జిగురు పోయినా, పులుపుకే ప్రోటీన్ ఒకదానికొకటి గట్టిగా అంటుకుపోయింది. వేడి చేసిన కొద్దీ నీరొదులుతుందే తప్ప జారదు.

చెడ్డార్‌తోనే చేయాలంటే 400 గ్రాముల చీజ్‌కు 300 మిల్లీలీటర్ల పాలు, 14 గ్రాముల సోడియం సిట్రేట్. స్టవ్ మీద పాలు వెచ్చబెట్టి సిట్రేట్ కరిగించి, తురుము గుప్పెడు గుప్పెడు వేస్తూ కలిపి, నున్నగా అయ్యాకే వేడి చేసి ఉంచిన స్లో కుకర్‌లోకి వంచాలి. సిట్రేట్ ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, తూకం వేయక తప్పదు. అది దొరక్కపోతే 450 గ్రాముల తురుముకు రెండు టేబుల్ స్పూన్ల తెల్లటి కార్న్‌ఫ్లోర్ పట్టించి, 350 మిల్లీలీటర్ల ఎవాపరేటెడ్ మిల్క్‌లో, అంటే చక్కెర వేయని చిక్కటి డబ్బా పాలలో కరిగించవచ్చు. మజ్జిగ పులుసు విరక్కుండా శనగపిండి కలిపే ఉపాయం ఇదే: పిండి చిక్కబడి ప్రోటీన్లను ముద్దకట్టనివ్వదు. తురిమి అమ్మే చీజ్ జోలికి పోవద్దు. అంటుకోకుండా చల్లిన పొడి డిప్‌ను గరుకు చేస్తుంది. టమాటాల నీళ్లు వంచేసి చివర్లో వేయాలి. పుల్ల పెరుగు, సోర్ క్రీమ్ లాంటివి వడ్డించే ముందు అరగంటలోనే కలపాలి. కీమా వేసేట్టయితే బాణలిలో పూర్తిగా వేయించి నూనె వంచాకే.

చాలామంది బోల్తా పడేది లో అన్న మాట దగ్గర. లో, హై రెండూ చివరికి చేరేది మరిగే స్థితి దరిదాపులకే. తేడా ఎంతసేపట్లో అన్నది మాత్రమే. లో మీదే కదా అని మూడు గంటలు వదిలేస్తే ఎంత మంచి చెడ్డార్ అయినా విరుగుతుంది. డిప్ నున్నబడగానే వార్మ్‌కు మార్చాలి. వార్మ్ సాధారణంగా 63 నుంచి 74 డిగ్రీల మధ్య నిలుస్తుంది, చీజ్‌కు కావలసింది సరిగ్గా అదే. వేడి పదార్థం 60కి పైనే ఉండాలన్నది అమెరికా వ్యవసాయ శాఖ నియమం. 4కీ 60కీ మధ్య క్రిములు త్వరత్వరగా పెరుగుతాయి. పాతబడిన కుకర్ల మాట నమ్మకూడదు. గిన్నెలో సగం దాకా వేడినీళ్లు పోసి వార్మ్ మీద గంట ఉంచి థర్మామీటర్ పెడితే నిజం తేలిపోతుంది.

వార్మ్ మీదున్నా పావుగంటకో అరగంటకో గరిటెతో అంచుల నుంచి మధ్యకు కలపాలి. లేకపోతే పక్కల మాడు, పైన తరక. చిక్కబడితే రెండు చెంచాల వేడి పాలు సరిపోతాయి, చన్నీళ్లు వద్దు. మూతకు పట్టిన ఆవిరి చుక్కలుగా పడి డిప్ పలచబడుతుంటే మూత కింద శుభ్రమైన గుడ్డ బిగించండి. నూనె తేలితే కుకర్ ఆపి, కాస్త చల్లారనిచ్చి, ప్రాసెస్డ్ చీజ్ ముక్క ఒకటి వేడి పాలలో కరిగించి వేసి గిలకొట్టాలి. పలుకులు కట్టాక మాత్రం దాన్ని బాగుచేసే దారి దాదాపు లేదు.

రాజ్మా కలిపే డిప్ సంగతి వేరే. పచ్చి రాజ్మాను నేరుగా స్లో కుకర్‌లో ఉడికించకూడదు. అందులోని ఫైటోహేమగ్లుటినిన్ అనే విషపదార్థం ఆ మంద వేడికి నశించకపోవచ్చు, తిన్న కొన్ని గంటల్లో వాంతులు పట్టుకుంటాయి. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో స్టవ్ మీద 30 నిమిషాలు తెర్లనిచ్చాకే మిగతా పని.

ఇక ఎంగిలి. కొరికిన చిప్‌ను మళ్లీ ముంచితే నోటిలోని బ్యాక్టీరియా డిప్‌లోకి దిగుతుందని క్లెమ్సన్ విశ్వవిద్యాలయంలో పాల్ డాసన్ తన విద్యార్థులతో ప్రయోగం చేసి చూపించాడు. మన ఇళ్లలో ఈ సంగతి ప్రయోగం లేకుండానే తెలుసు. అందరి చేతులూ కుకర్‌లోకి వెళ్లకుండా గరిటెతో చిన్న గిన్నెల్లోకి తీసి పెట్టండి. ఆ గిన్నెలో అడుగున మిగిలినదాని మీదే కొత్తది పోయవద్దు. బయట పెట్టిన గిన్నెకు రెండు గంటలే గడువు, గాలి 32 డిగ్రీలు దాటిన వేసవిలో అయితే గంటే.

మిగిలింది పింగాణీ గిన్నెతో సహా ఫ్రిజ్‌లో పెట్టకూడదు. గిన్నె వేడి పట్టుకుని ఉంటుంది, డిప్ మధ్యభాగం చల్లబడేసరికి గంటలు పడతాయి. లోతు తక్కువున్న డబ్బాల్లో సర్దాలి. మర్నాడు స్టవ్ మీద కలుపుతూ 74 డిగ్రీలకు తెచ్చి ఆ తర్వాతే కుకర్‌లో పోయాలి. వార్మ్ వేడిని నిలుపుతుందే కానీ చల్లటిదాన్ని తగినంత త్వరగా వేడెక్కించలేదు. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో చుట్టాలు తెచ్చిన కుకరయితే అడుగున రాసిన వోల్టేజ్ చూడండి. అక్కడి 120 వోల్టుల పాత్రను ఇక్కడి 230 ప్లగ్గులో నేరుగా పెడితే మొదటి డిప్ కరగకముందే తీగ కాలిపోతుంది.