అమెరికా చర్చిలు, ఎన్నికలు, పన్ను మినహాయింపు: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో లాభాపేక్ష లేని సంస్థల పన్ను లెక్కలు చూసే వృత్తిలో ఉన్నందువల్ల, ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ నాకు ఒక ప్రశ్న తప్పదు: సంప్రదాయవాద క్రైస్తవ సంఘాలు అంత బాహాటంగా రాజకీయాల్లో ఉన్నా వాటి పన్ను మినహాయింపు ఎలా నిలుస్తోంది? అడిగేవారిలో చాలామందికి చట్టం దేన్ని ఆపుతుందో, దేన్ని ఆపదో తెలియదు.

అపోహ: చర్చిలో రాజకీయం మాట్లాడితే మినహాయింపు పోతుంది.

వాస్తవం: ధార్మిక, మత, విద్యా సంస్థలకు పన్ను మినహాయింపు ఇచ్చే 501(సి)(3) సెక్షన్ రాజకీయాల విషయంలో పూర్తిగా నిషేధించేది ఒక్కటే: ప్రభుత్వ పదవికి పోటీ చేసే అభ్యర్థికి అనుకూలంగా గానీ వ్యతిరేకంగా గానీ ఆ సంస్థ ప్రచారం చేయడం. గర్భస్రావం, వివాహం, బడిలో ప్రార్థన వంటి విషయాలపై పాస్టరు ఎంత గట్టిగానైనా ప్రసంగించవచ్చు. పక్షపాతం లేకుండా ఓటర్లను నమోదు చేయించవచ్చు. సంస్థ పనిలో గణనీయమైన భాగం కానంతవరకు, ఫలానా బిల్లును ఆమోదించమని చట్టసభ సభ్యులను కోరవచ్చు కూడా. అసలు చిక్కంతా ఓటర్లకు పంచే కరపత్రాల దగ్గరే వస్తుంది. అనేక అంశాలపై అభ్యర్థులందరి అభిప్రాయాలనూ వ్యాఖ్య లేకుండా ముద్రిస్తే తప్పు లేదు. అదే, తమకు నచ్చిన రెండు మూడు అంశాలనే ఏరి, ఎవరు మంచివారో చదివేవారికి తేలిపోయేలా పేర్చితే, ఎవరికి ఓటు వేయాలో రాయకపోయినా అది ప్రచారం కిందకే రావచ్చు. నా దగ్గరికి వచ్చే సంఘాలకు నేను మొదట చెప్పేది ఇదే.

అపోహ: చర్చిల నోరు మూయించడానికే ఈ నిబంధన తెచ్చారు.

వాస్తవం: 1954లో టెక్సాస్ సెనేటర్ లిండన్ జాన్సన్ దీన్ని ప్రతిపాదించినప్పుడు, ఆయనను ఇబ్బంది పెడుతున్నవి మతంతో సంబంధం లేని లాభాపేక్ష రహిత సంస్థలు. సభలో దాదాపు చర్చే జరగలేదు. దానిపై సంతకం చేసింది రిపబ్లికన్ అధ్యక్షుడు ఐసెన్‌హోవర్.

అపోహ: ఐఆర్ఎస్ (అమెరికా కేంద్ర పన్నుల శాఖ) ఎవరినీ ఏమీ చేయదు, చేస్తే సంప్రదాయవాదులనే పట్టుకుంటుంది.

వాస్తవం: 1992 ఎన్నికలకు నాలుగు రోజుల ముందు, న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్‌టన్ దగ్గరి ఒక చర్చి, బిల్ క్లింటన్‌కు ఓటు వేయవద్దంటూ రెండు జాతీయ పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలు వేయించి, వాటి ఖర్చుకు పన్ను రాయితీ వర్తించే విరాళాలు కూడా అడిగింది. 1995లో దాని మినహాయింపు రద్దయింది, 2000లో అప్పీలు కోర్టు ఆ రద్దును సమర్థించింది. చర్చి కావాలంటే సామాజిక సంక్షేమ సంస్థలకు వర్తించే 501(సి)(4) సెక్షన్ కింద వేరే సంస్థ పెట్టుకుని మాట్లాడవచ్చని కోర్టు గుర్తుచేసింది. దానికి ఇచ్చే విరాళానికి దాతకు రాయితీ ఉండదు. నా దృష్టిలో ఈ వివాదమంతటికీ కీలకం ఇదే, ఎందుకంటే ఇక్కడ ప్రభుత్వం నియంత్రిస్తున్నది రాయితీ పొందిన కానుకల వాడకాన్నే. ఇక ఉదారవాద చర్చిల సంగతి: 2004 ఎన్నికల ముందు ఇరాక్ యుద్ధాన్ని విమర్శించిన ఒక ప్రసంగంపై పాసడీనాలోని ఆల్ సెయింట్స్ చర్చిని ఐఆర్ఎస్ విచారించి, 2007లో మినహాయింపు తీయకుండానే ముగించింది. చర్యలు అరుదుగా ఉండటానికి ఒక కారణం చట్టంలోనే ఉంది: 1984 నుంచి చర్చిపై విచారణ మొదలుపెట్టాలంటే ఉన్నతాధికారి ముందుగా సహేతుకమైన కారణాన్ని రాతపూర్వకంగా నమోదు చేయాలి.

అపోహ: ట్రంప్ ఈ నిబంధనను ఎత్తేశారు.

వాస్తవం: 2017 మే నాటి ఆయన ఉత్తర్వు చట్టాన్ని మార్చలేదు, మార్చగలిగింది కాంగ్రెస్ మాత్రమే. 2025 జులైలో టెక్సాస్‌లోని ఒక కేసులో, ఆరాధనకు సంబంధించి తన సభ్యులతో చర్చి చెప్పుకునే మాట ప్రచారం కిందకు రాదని అంగీకరిస్తూ ఐఆర్ఎస్ వాది పక్షంతో కలిసి కోర్టుకు అర్జీ పెట్టింది. ఆ అర్జీలో కూడా పత్రికా ప్రకటనలకు, అభ్యర్థికి నిధులివ్వడానికి అనుమతి లేదు.

అపోహ: ఇది క్రైస్తవులకే సంబంధించిన గొడవ.

వాస్తవం: అమెరికాలోని మన తెలుగు సంఘాలు, చర్చిలు, గుళ్లు 501(సి)(3) కింద ఉంటే ఇదే నిబంధన వర్తిస్తుంది. ఉగాది వేడుకకు ఒకరిని అభ్యర్థి హోదాలో పిలిచి మైకు ఇస్తే, అదే పదవికి పోటీ చేస్తున్న మిగిలినవారికీ సమానమైన అవకాశం ఇవ్వాలి, వేదిక మీద విరాళాల సేకరణ జరగనివ్వకూడదు.