కాల్షియం నార్మల్ వస్తే ఎముకలు గట్టిగా ఉన్నట్టేనా?

తిరుపతిలో ల్యాబ్ డాక్టరుగా నేను రోజూ వినే మాటలే ఇవి.

అపోహ: "కాల్షియం 9.4 వచ్చింది గదా సార్, ఎముకలకు ఢోకా లేనట్టే గదా!"

వాస్తవం: ఒంట్లోని కాల్షియంలో 99 శాతం ఎముకలు, పళ్ళలోనే ఉంటుంది. రక్తంలో ఉండే ఆ కాస్తా గుండెకూ నరాలకూ అవసరం. అందుకే శరీరం దాన్ని డెసిలీటరుకు 8.5 - 10.5 మిల్లీగ్రాముల మధ్య నిలుపుకుంటుంది. తగ్గబోతే పారాథైరాయిడ్ హార్మోన్ పెరిగి, ఎముకలోంచి లాగి రక్తంలో కలిపేస్తుంది. ఎముక అరుగుతున్నా రిపోర్టు నార్మల్‌గా రావడం అందుకే. ఎముక సాంద్రత చెప్పేది డెక్సా స్కాన్. అందులో మన ఎముకను ఆరోగ్యంగా ఉన్న యువత ఎముకతో పోల్చి ఇచ్చే అంకె టీ-స్కోరు. అది మైనస్ 2.5, అంతకన్నా దిగువ ఉంటే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారడం. అలిపిరి మెట్లు గబగబా ఎక్కేవాళ్ళకూ ఇది ఉండొచ్చు, విరిగేదాకా నొప్పి తెలియదు. అలాగని కాల్షియం పరీక్ష దండగ కాదు. ఎక్కువగా వస్తే పారాథైరాయిడ్ గ్రంథి సమస్యో, మైలోమా లాంటి క్యాన్సరో ఉందేమో చూడాలి.

అపోహ: మన ఎండకు విటమిన్ డి తగ్గడమా!

వాస్తవం: తగ్గుతుంది. తిరుపతి ప్రాంతంలోనే పరిశోధనలు జరిగాయి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలోనూ లోపం కనిపించింది. ఇక్కడ చర్మంలో విటమిన్ డి బాగా తయారయ్యేది 11 నుంచి 2 గంటల మధ్య. పొద్దున్నే లేత ఎండలో నడక ఒంటికి మంచిదే గానీ, ఈ లెక్కలోకి పెద్దగా రాదు. మే నెల మిట్టమధ్యాహ్నం ముసలివాళ్ళను ఎండలో నిలబెట్టమని నేనైతే చెప్పను, మందే నయం. 60,000 యూనిట్ల మందు డాక్టరు వారానికొకటి రాస్తే, రోజుకొకటి వేసుకునేవాళ్ళున్నారు. అది ప్రమాదం: కాల్షియం పెరిగి వాంతులు, తికమక, చివరికి కిడ్నీలకు దెబ్బ.

అపోహ: సీటీఎక్స్ అనే రక్తపరీక్షలో ఎక్కువ వస్తే ఎముకలు గుల్లబారినట్టే.

వాస్తవం: సీటీఎక్స్ చెప్పేది ఎముక కరిగే వేగం. పీ1ఎన్‌పీ అనే మరో రక్తపరీక్ష చెప్పేది కొత్త ఎముక కట్టుకునే వేగం. ఈ మధ్య ఎముక విరిగినా, కిడ్నీలు దెబ్బతిన్నా సీటీఎక్స్ పెరుగుతుంది. ఎముక అరుగుదలను ఆపే మందు పనిచేస్తోందా అని మొదలుపెట్టే ముందు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి చూడటానికే సీటీఎక్స్ బాగా పనికొస్తుంది. రక్తం పొద్దున్నే పరగడుపున ఇవ్వాలి. టిఫిన్ తిని వస్తే తక్కువ చూపిస్తుంది. జుట్టు ఊడకుండా బయోటిన్ మాత్రలు వాడుతుంటే ల్యాబ్‌లో ముందే చెప్పండి, కొన్ని మెషిన్లలో రిపోర్టు తప్పుగా వస్తుంది.