బీరువాలో బంతి: సరిహద్దు బడులకు ఆటల సొమ్ము నడిచివచ్చిన దారి

ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి చుట్టుపక్కల తెలుగువాళ్లకు ఆగస్టు 29 రెండు విధాల గుర్తుండే తేదీ. అది గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి. బడి పిల్లలకు మాత్రం అది ధ్యాన్‌చంద్ జయంతి, జాతీయ క్రీడా దినోత్సవం. పంతులుగారు ఈ ఊళ్లోనే దశాబ్దాలపాటు పాఠాలు చెప్పారు, కొండ మీది సవర పిల్లల కోసం సొంత డబ్బు పెట్టి బడులు నడిపారు. బడికి డబ్బు ఎక్కడినుంచి రావాలి, దేనికి ఖర్చు కావాలి అన్న ప్రశ్న ఈ నేలకు కొత్తది కాదు.

రెండేళ్ల కిందట ఆ రోజున గజపతి జిల్లా కాశీనగర్ వైపు, వంశధారకు దగ్గరలో ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలకు వెళ్లాను. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు, ఒడియా మాట్లాడే పిల్లలు, సవర మాట్లాడే పిల్లలు ఒకే వరండాలో కూర్చునే బడి అది. హెడ్మాస్టరు బీరువా తాళం తీసి వాలీబాల్ బయటికి తెచ్చారు. దాని ప్లాస్టిక్ కవరు ఇంకా అలాగే ఉంది. గాలి సగమే ఉంది. పంపు ఉంది కానీ దాని సూది ఎప్పుడో పోయిందట. పిల్లలు బంతి చుట్టూ నిలబడ్డారు, ఫోనులో ఫొటో తీశారు, బంతి తిరిగి బీరువాలోకి వెళ్లింది. ఐదో తరగతి చదివే ఒక పాప రేపు కూడా తీస్తారా అని తెలుగులో అడిగింది. ఆయనకు తెలుగు బాగా వచ్చు. అయినా ఏమీ అనలేకపోయారు.

ఆయనను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఐదు తరగతులకు ఇద్దరే ఉపాధ్యాయులు. వాళ్లే పాఠాలు చెప్పాలి, మధ్యాహ్న భోజనం చూడాలి, రిజిస్టర్లు రాయాలి. బంతి చిరిగితే ఎందుకు చిరిగిందో, పోతే ఎలా పోయిందో స్టాకు రిజిస్టరులో సమాధానం చూపాల్సింది కూడా వాళ్లే. బీరువాలో ఉన్న బంతి ఎవరికీ సమాధానం చెప్పనక్కర్లేదు. ఈ భయం ఆ ఒక్క బడిది కాదు, ఆ ఒక్క మనిషిది అసలే కాదు. ఆటల కోసం సర్కారు ఇచ్చే సొమ్ము తొలినుంచీ ఏ తీరున వచ్చిందో చూస్తే ఆ బంతి అక్కడ ఎందుకు ఆగిపోయిందో తెలుస్తుంది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా గంజాం, కొరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. పర్లాకిమిడి ఒడిశాలో కలవడంతో పంతులుగారు రాజమండ్రికి తరలిపోయారు. అప్పటి బడుల్లో ఆటలంటే డ్రిల్లు, డ్రిల్లు మాష్టారు. ఆ రోజుల్లో ఈ ఉత్తరాంధ్ర, దక్షిణ ఒడిశా సీమల్లో వ్యాయామానికి ఉన్న గౌరవం మామూలుది కాదు. ఊరూరా తాలింఖానాలు, అంటే కసరత్తు శాలలు, ఉండేవి. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు ప్రపంచానికి మల్లయోధుడిగా, ఇనుప గొలుసులు తెంపిన బలశాలిగా తెలుసు. కానీ ఆయన మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసిన మనిషి కూడా. చివరకు 1942లో ఒడిశాలోని బలంగీర్ పట్నాలో కన్నుమూశారు. 1920లో మద్రాసులో హ్యారీ క్రో బక్ వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాలను ప్రారంభించాక శిక్షణ పొందిన వ్యాయామోపాధ్యాయులు హైస్కూళ్లకు రావడం మొదలైంది.

హైస్కూళ్లకు అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. పల్లెలోని ఎలిమెంటరీ బడికి ఆ మాష్టారు రాలేదు. అక్కడ పిల్లలు ఆడుకున్నది చెడుగుడు, బిళ్ళంగోడు, తొక్కుడుబిళ్ళ. వాటికి సర్కారు సొమ్ము అక్కరలేదు, సర్కారుకు వాటి సంగతీ పట్టలేదు.

స్వాతంత్ర్యం తర్వాత రాజ్యాంగం క్రీడలను రాష్ట్రాల జాబితాలో పెట్టింది. విద్య కూడా అప్పుడు రాష్ట్రాలదే. 1976లో 42వ సవరణతో విద్య ఉమ్మడి జాబితాకు మారింది, క్రీడలు మాత్రం ఉన్నచోటే ఉండిపోయాయి. దాంతో బడిలో ఆట అనేది రెండు శాఖల మధ్య సరిహద్దు గ్రామంలా మిగిలింది. బడి విద్యాశాఖది, ఆట క్రీడాశాఖది. సరిహద్దు జిల్లాల్లో బతికేవాళ్లకు ఆ స్థితి ఎలా ఉంటుందో విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ తొలి దశాబ్దాల్లో కేంద్రం ఒక ప్రయత్నం చేసింది. ఆజాద్ హింద్ ఫౌజ్‌లో పనిచేసిన జనరల్ జె.కె. భోంస్లే చొరవతో 1954లో శరణార్థుల పిల్లల బడుల్లో జాతీయ క్రమశిక్షణ పథకం మొదలైంది. దానికి ప్రత్యేక శిక్షకులు ఉండేవారు, జీతం కేంద్రం ఇచ్చేది. 1965లో దాన్నీ మిగతా వ్యాయామ పథకాలనూ కలిపి నేషనల్ ఫిట్‌నెస్ కోర్‌గా మార్చారు. 1972లో శిక్షకులను రాష్ట్రాలకు అప్పగించి కేంద్రం పక్కకు తప్పుకుంది. అంటే డబ్బు ఒకప్పుడు మనిషి రూపంలోనే వచ్చింది. పల్లె ప్రాథమిక బడి గుమ్మం దాకా వచ్చే లోపే ఆ దారి మూసుకుపోయింది.

తర్వాత వచ్చినది వస్తువుల కాలం. 1986 జాతీయ విద్యావిధానం వెంబడి 1987లో ఆపరేషన్ బ్లాక్ బోర్డు మొదలైంది. ప్రతి ప్రాథమిక బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, బోధన సామగ్రి ఉండాలన్నది లక్ష్యం. ఆ సామగ్రి జాబితాలో ఆట వస్తువులూ ఉన్నాయి: దూకే తాడు, రబ్బరు బంతులు, ఫుట్‌బాల్, వాలీబాల్, గాలి పంపు, రింగు, టైరు కట్టిన ఊయల తాడు. ఆ జాబితా రాసినవాళ్లకు పిల్లలంటే ఇష్టం ఉందని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. టైరు ఊయల దాకా ఆలోచించారంటే చిన్న పిల్లల ఆట ఎలా ఉంటుందో తెలిసినవాళ్లే. అయితే సామగ్రి ఒక్కసారి వచ్చేది. టైరు అరిగాక ఇంకో టైరు ఎవరు తేవాలో ఆ జాబితాలో లేదు. స్టాకు రిజిస్టరులో ఆట వస్తువుకు ఒక వరుస కేటాయించి, హెడ్మాస్టరు సంతకం పెట్టి, వస్తువును భద్రపరిచే పద్ధతి ప్రాథమిక బడిలో స్థిరపడింది ఇక్కడే.

సర్వశిక్షా అభియాన్ వచ్చాక బడికి ఏటా కొంత గ్రాంటు ముట్టడం మొదలైంది. అది సుద్దముక్కలకు, చాపలకు, విరిగిన కుర్చీలకు, ఏది ముందు అవసరమైతే దానికి. అందులో ఆటలకంటూ విడి పద్దు లేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం ఆట స్థలం ఉండాలనీ, ప్రతి తరగతికీ అవసరమైన ఆట వస్తువులు ఉండాలనీ షెడ్యూలులోనే రాసింది. అంతవరకు మంచి మాట. కానీ అదే షెడ్యూలు వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ బోధకుణ్ణి ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఉన్న బడులకే, అదీ వందమందికి పైగా పిల్లలుంటేనే ఇవ్వాలంది. ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు వస్తువు హక్కయింది, ఆ వస్తువుతో ఆడించే మనిషి హక్కు కాలేదు.

మధ్యలో ఒక పథకం వచ్చిపోయింది. దాన్ని చాలామంది మరిచిపోయారు, నేను మాత్రం మరువలేను. 2008లో కేంద్ర క్రీడాశాఖ పైకా పేరుతో పంచాయతీ యువ క్రీడా, ఖేల్ అభియాన్ తెచ్చింది. పంచాయతీకి ఆట స్థలం బాగు చేసుకోవడానికి ఒకసారి లక్ష రూపాయలు, తర్వాత సామాన్లకూ నిర్వహణకూ ఏటా కొంత సొమ్ము. అన్నిటికంటే ముఖ్యం, క్రీడాశ్రీ అనే పేరుతో ఊళ్లోనే ఒక ఆటగాడినో ఆటగత్తెనో ఎంచుకుని, నెలకు 500 రూపాయలు గౌరవ వేతనం ఇచ్చి, పిల్లలను ఆడించమన్నారు. అయిదు వందలు ఏమాత్రం సరిపోని సొమ్ము. అయినా సాయంత్రం ఈల పట్టుకుని మైదానంలో నిలబడే మనిషి ఒకరు ఉండాలని ఒప్పుకున్న పథకం అది. 2014లో దాని పేరు రాజీవ్ గాంధీ ఖేల్ అభియాన్‌గా మారింది, తర్వాత అది ఖేలో ఇండియాలో కలిసిపోయింది. ఆ కలయికలో చూపు పోటీల వైపు, ప్రతిభ గల ఆటగాళ్ల ఎంపిక వైపు మళ్లింది. క్రీడాశ్రీ కనపడకుండా పోయారు.

ఇప్పుడు మన బడులకు వస్తున్న ఆటల సొమ్ము 2018లో మొదలైంది. సర్వశిక్షా అభియాన్, మాధ్యమిక శిక్షా అభియాన్, ఉపాధ్యాయ విద్య మూడింటినీ కలిపి సమగ్ర శిక్షగా మార్చినప్పుడు ఆటలకు తొలిసారి విడిగా పద్దు పెట్టారు. ప్రాథమిక బడికి ఏడాదికి 5,000 రూపాయలు, ప్రాథమికోన్నత బడికి 10,000, ఆపై తరగతుల బడులకు 25,000 వరకు. ఒడిశాలో ఇందులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది. స్థానిక ఆటలకు కూడా ఈ సొమ్ము వాడుకోవచ్చు. 2021లో పథకాన్ని పొడిగించినప్పుడు, జాతీయ స్థాయి ఖేలో ఇండియా పాఠశాల క్రీడల్లో ఒక బడినుంచి కనీసం ఇద్దరు పిల్లలు పతకాలు గెలిస్తే ఆ బడికి మరో 25,000 వరకు ఇస్తామన్నారు. ప్రాథమిక బడికి ఇచ్చే 5,000 మాత్రం పెరగలేదు.

లెక్క వేద్దాం. వందమంది పిల్లలున్న ప్రాథమిక బడిలో ఒక్కో పిల్లకు ఏడాదికి యాభై రూపాయలు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు. రోజుకు పావలా. ఇరవై మంది పిల్లలే ఉన్న కొండ ఊరి బడికీ అదే 5,000 కాబట్టి అక్కడ తలసరి లెక్క మెరుగ్గా కనిపిస్తుంది, కానీ ఆ బడికి చదును నేలే ఉండదు.

సొమ్ము ఎంతన్నది ఒక సంగతి, ఎప్పుడన్నది ఇంకో సంగతి. 2021 జూలై నుంచి ఒక్కో కేంద్ర పథకం సొమ్మునంతా రాష్ట్రానికి ఒకే నోడల్ ఖాతాలో ఉంచే పద్ధతి వచ్చింది. బడి కమిటీ ఖాతాలో నిల్వ సున్నా. ఖర్చు చేసుకోవడానికి ఒక పరిమితి మాత్రం ఇస్తారు, దాన్నే బడుల్లో లిమిట్ అంటారు. సొమ్ము ఏళ్ల తరబడి ఖాతాల్లో మూలుగుతోందన్న మాట నిజమే గనుక ఈ మార్పుకు కారణం లేకపోలేదు. కానీ లిమిట్ ఆర్థిక సంవత్సరం చివర వస్తే, మార్చి 31 లోపు బిల్లులన్నీ పూర్తి కావాలి. అది పరీక్షల నెల, ఎండలు ముదిరే నెల. హెడ్మాస్టరు గుణుపురం బజారుకో పర్లాకిమిడి బజారుకో పరుగెత్తి, ఉన్న సామాన్లే కొని, రసీదు తెచ్చి, వినియోగ ధ్రువపత్రం పంపుతారు. బంతి బడికి చేరేసరికి వేసవి సెలవులు. జూన్‌లో తలుపులు తెరిచేసరికి దాని గాలి పోయి ఉంటుంది. సూది కొనాలంటే మళ్లీ మార్చి రావాలి.

డబ్బు ఎక్కువైతే అన్నీ చక్కబడతాయా అని అడిగేవాళ్లకు ఇంగ్లండు సంగతి చెప్పాలి. లండన్ ఒలింపిక్స్ మరుసటి ఏడాది, 2013లో, అక్కడి ప్రాథమిక బడులకు వ్యాయామానికీ క్రీడలకూ విడిగా నిధి మొదలుపెట్టారు. తీపి పానీయాల మీద వేసిన పన్ను రాబడితో 2017లో దాన్ని రెట్టింపు చేశారు: 17 మంది, ఆపైన పిల్లలున్న బడికి ఏటా 16,000 పౌండ్లు, పైగా ఒక్కో పిల్లకు 10 పౌండ్లు. వందమంది పిల్లలున్న బడికి మన లెక్కలో పదిహేను లక్షల పైమాటే. ఆ మొత్తాలతో మనకు పోలిక పెట్టడం న్యాయం కాదు. నేను చూసేది ఆ సొమ్ముకు కట్టిన షరతులను. ఆ డబ్బుతో బడిలోని మామూలు ఉపాధ్యాయులకే వ్యాయామం నేర్పించే శిక్షణ ఇప్పించే వీలు ఇచ్చారు. ఏ పద్దుకు ఎంత ఖర్చయింది, దానివల్ల పిల్లలకు ఏమి ఒరిగింది అన్నది ప్రతి బడీ ఏటా తన వెబ్‌సైటులో అందరికీ కనిపించేలా పెట్టాలన్నారు. మన దగ్గర ధ్రువపత్రం పై అధికారికి వెళుతుంది, పిల్ల తండ్రికి కనపడదు. బంతి కొన్నారా అన్న ప్రశ్నకు అందులో జవాబు ఉంటుంది. ఎన్ని రోజులు ఆడారన్న ప్రశ్నే అందులో లేదు.

ఒడిశా ఆటల్లో వెనుకబడ్డ రాష్ట్రమని ఎవరూ అనలేరు. 2018 నుంచి భారత హాకీ జట్లకు ప్రాయోజకత్వం వహిస్తున్నది ఈ రాష్ట్రమే. 2018లో, 2023లో పురుషుల హాకీ ప్రపంచ కప్‌కు ఆతిథ్యం ఇచ్చింది, రూర్కెలాలో బిర్సా ముండా పేరిట పెద్ద స్టేడియం కట్టింది. మన బరంపురం నుంచి వెళ్లిన కె. రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో వెయిట్ లిఫ్టింగ్‌లో బంగారు పతకం తెచ్చాడు. సరిహద్దుకు ఇవతల పుట్టినా అవతల పుట్టినా ఆయన పేరు వింటే ఈ ప్రాంతపు తెలుగువాళ్ల గుండె ఉప్పొంగుతుంది. ఆ స్టేడియం సొమ్ము క్రీడాశాఖ పద్దు, మన ప్రాథమిక బడి బంతి విద్యాశాఖ పద్దు. రెండూ ఒకే ప్రభుత్వానివైనా ఒక పద్దు రెండో పద్దు గడప తొక్కదు.

కిందటి చలికాలంలో రాయగడ జిల్లాలో, నాగావళికి దగ్గరలో మరో చిన్న బడి చూశాను. అక్కడి పెద్ద టీచరమ్మ స్టాకు రిజిస్టరు పక్కన ఒక నోటుబుక్కు పెట్టారు. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఐదో తరగతి నాయకురాలు అందులో తన పేరు రాసి, బంతి, రెండు తాళ్లు తీసుకుంటుంది. ఇంటిగంటకు తిరిగి పెట్టి ఇంకో సంతకం చేస్తుంది. పేర్లు కొన్ని ఒడియా లిపిలో, కొన్ని తెలుగు లిపిలో ఉన్నాయి. ఆడించే మాష్టారు అక్కడా లేరు, కానీ కమిటీ సభ్యుల్లో ఒకరైన ఒక తల్లి, పూర్వం ఖో-ఖో ఆడిన ఆవిడ, వారానికి రెండు రోజులు వచ్చి గంటసేపు ఉంటారు. ఆవిడకు ఇవ్వడానికి ఏ పద్దూ లేదు. ఆ ఏడాది మూడు బంతులు చిరిగాయి. ఆడగా చిరిగినవని కమిటీ తీర్మానం రాసి, అందరూ సంతకాలు, వేలిముద్రలు వేసి, రిజిస్టరులో ఆ మూడు వరుసలనూ ఎర్ర సిరాతో కొట్టేశారు. చిరిగిన బంతుల్లో ఒకదాని లోపలి రబ్బరు తిత్తిని పిల్లలు దాచుకున్నారు. నేను బయలుదేరేటప్పుడు దాన్ని ఊది, మెడ దగ్గర దారంతో కట్టి, వరండాలో ఎగరేస్తున్నారు.