మాస్కు పెట్టుకున్నది భయంతోనేనా?

కొత్త అంటువ్యాధి వార్త వచ్చిన ప్రతిసారీ కేసుల లెక్కతో పాటు ఒక పాత తగాదా కూడా తిరగబెడుతుంది. మాస్కు పెట్టుకోవడం, చేతులు కడుక్కోవడం, గుంపులకు ఎడంగా ఉండటం స్త్రీలలోనే ఎక్కువని సర్వేలు చెబుతాయి. పేచీ అంతా ఎందుకన్న దగ్గరే. ఆడవాళ్లకు భయం ఎక్కువ, చెప్పిన మాట వినే గుణం ఎక్కువ అని ఒక పక్షం. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా మంచం పక్కన కూర్చోవలసింది తామేనని తెలుసు కాబట్టే ఆ జాగ్రత్త అని రెండో పక్షం. ఈ కథను ప్లేగు, కలరాల నుంచి ఎత్తుకోవడం రివాజు. అవి అందరికీ తెలిసినవే కనుక వదిలేద్దాం. ముడి విడిపోయింది 2016లో.

ఆ ఏడాది అమెరికాలోని లాస్ అలామోస్ ప్రయోగశాల (అణుబాంబు పుట్టింది అక్కడే) పరిశోధకులు కెల్లీ మోరన్, సారా డెల్ వాలే శ్వాసకోశ అంటువ్యాధుల సమయంలో జనం ఎలా నడుచుకున్నారన్న అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్కకట్టారు. చేతుల శుభ్రత, మాస్కు, జనసమ్మర్దానికి దూరం లాంటి, మందులతో పనిలేని జాగ్రత్తలు పాటించే అవకాశం పురుషుల కంటే స్త్రీలలో దాదాపు 50 శాతం ఎక్కువని తేలింది. ఇందులో వింతేమీ లేదు. టీకాలు, వైరస్‌ను అణిచే మందుల దగ్గరకు వచ్చేసరికి మాత్రం తక్కెడ అటు మొగ్గింది. అక్కడ పురుషులే సుమారు 12 శాతం ముందున్నారు.

ఈ తగాదాలో దిగినవారు మొదటి అంకెను ఎత్తుకుని రెండోదాన్ని దాటేస్తుంటారు. నా లెక్కలో అసలు సంగతి రెండోదాంట్లోనే ఉంది. భయమే కారణమైతే టీకా వరుసలోనూ స్త్రీలే ముందుండాలి. విధేయత అందామా, టీకా వేయించుకోమని చెప్పిందీ మాస్కు పెట్టుకోమన్న అధికారులే కదా! రెండు వివరణలూ ఆ చిన్న అంకె తగిలి బోర్లాపడతాయి. టీకా ఒకటి రెండు సార్లతో తీరిపోయే పని. సబ్బు, మాస్కు, ఎడం అలా కావు. రోజూ గుర్తుపెట్టుకోవాలి, తన చేతులతో పాటు పిల్లల చేతులకూ కాపు కాయాలి, బయటి నుంచి వచ్చినవారిని గుమ్మంలోనే ఆపాలి. ఒక్కమాటలో, అది ఇంటిచాకిరీ. దాన్ని ఎవరు చేస్తున్నారో అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో లెక్క చెప్పింది: ప్రపంచంలో జీతం లేని సంరక్షణ పని గంటల్లో 76.2 శాతం స్త్రీలవే. రోజుకు సగటున వాళ్లది 4 గంటల 25 నిమిషాలు, పురుషులది 1 గంట 23 నిమిషాలు. జీతం వచ్చే చోటా పెద్ద తేడా లేదు. ఆరోగ్య, సామాజిక సేవారంగాల సిబ్బందిలో 70 శాతం స్త్రీలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించింది.

2009లో వెలువడిన ఒక ప్రయోగాన్ని కూడా ఈ వెలుగులోనే చూడాలి. ఇంగ్లండ్‌లో రహదారి పక్క విశ్రాంతి కేంద్రం మరుగుదొడ్లలో ఎవరు సబ్బు వాడుతున్నారో యంత్రాలతో లెక్కపెట్టారు. దాదాపు రెండు లక్షల మంది రాకపోకల మీద తేలింది ఇది: సబ్బు వాడినవారు స్త్రీలలో 64 శాతం, పురుషులలో 32 శాతం. గోడమీద రకరకాల సందేశాలు మార్చిమార్చి చూపించారు. నీళ్లతో క్రిములు చావవు, సబ్బుతోనే చస్తాయి అన్న తరహా సమాచారానికి స్త్రీలు స్పందించారు. పురుషులను కదిలించింది రోత పుట్టించే మాట. పిరికితనం గురించి మాట్లాడేవారు ఈ ఫలితాన్ని ఒకసారి తీరిగ్గా చదవాలి.

సహజ గుణమనే పక్షానికీ ఆధారాలు లేకపోలేదు. ప్రమాదాల గురించి అడిగితే స్త్రీలు ఎక్కువ ఆందోళన చెబుతారు, నిజమే. అయితే 1994లో అమెరికాలో ఫ్లిన్, స్లోవిక్, మెర్ట్జ్ పర్యావరణ, ఆరోగ్య ప్రమాదాల మీద చేసిన అధ్యయనంలో ప్రమాదాలను తక్కువగా అంచనా వేసి తేడాగా నిలిచింది తెల్లజాతి పురుషులు మాత్రమే. ఇతర జాతుల పురుషుల అంచనాలు స్త్రీల అంచనాలకు దగ్గరగానే ఉన్నాయి. విధేయత సంగతికొస్తే, స్పానిష్ ఫ్లూ రోజుల్లో, 1919 జనవరిలో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో మాస్కు ఆజ్ఞను ఎదిరిస్తూ పుట్టిన సంఘానికి అధ్యక్షత వహించింది ఇ.సి. హారింగ్టన్ అనే మహిళ.

2020 కరోనా ఈ తగాదాను మళ్లీ రగిలించింది. చాలా దేశాల్లో ఎక్కువగా మరణించింది పురుషులు. జాగ్రత్తలు ఎక్కువగా పాటించింది స్త్రీలు. ఆ ఏడాది మార్చి, ఏప్రిల్‌లలో ఎనిమిది దేశాల్లో 21,649 మందిని అడిగితే, కరోనాను చాలా తీవ్రమైన ఆరోగ్య సమస్యగా చూసినవారు మొదటి విడతలో స్త్రీలలో 59 శాతం, పురుషులలో 48.7 శాతం. రెండో విడతకు ఆ అంకెలు 39.6కూ 33కూ పడిపోయాయి, తేడా మాత్రం మిగిలింది. ఒకే కప్పు కింద ఉండే దంపతుల మధ్య, వైరస్‌ను దగ్గరగా చూసినవారిలో ఆ తేడా తక్కువగా ఉంది. పుట్టుకతో వచ్చిన గుణమైతే కాపురంతో కరిగిపోదు. అదే ఏడాది అమెరికాలో జనాన్ని కప్రారో, బార్సెలో అనే పరిశోధకులు అడిగినప్పుడు మాస్కు సిగ్గుచేటని, బలహీనతకు గుర్తని ఒప్పుకున్నవారిలో పురుషులే ఎక్కువ. మాస్కు తప్పనిసరి చేసిన చోట్ల ధరించే ఉద్దేశంలో తేడా దాదాపు మాయమైంది.

తరువాత టీకాలు వచ్చాయి. అనేక దేశాల సర్వేల్లో వేయించుకుంటామన్నవారిలో పురుషులే ముందున్నారు, 2016 నాటి లెక్క చెప్పినట్టే. అంతకుముందు పిరికివాళ్లన్న నోళ్లే ఈసారి మూఢత్వం అన్నాయి. టీకాల తొలి పెద్ద పరీక్షల్లో గర్భిణులను, పాలిచ్చే తల్లులను చేర్చుకోలేదు. మాకు దీన్ని పరీక్షించి చూశారా అని వాళ్లు అడిగిన రోజున వైద్యుల దగ్గర ఉన్న జవాబు, లేదనే.