వెంటిలేటర్ మీద పసికందు: నొప్పి మందు ఎంత, ఎప్పుడు?

వెంటిలేటర్ మీద ఉన్న పసికందు ఏడ్చినా వినపడదు. శ్వాస గొట్టం స్వరపేటిక గుండానే దిగుతుంది కాబట్టి గొంతు పెగలదు. ముఖం చూసి తెలుసుకోవాలి: కనుబొమ్మలు ముడిపడతాయి, కళ్లు గట్టిగా మూసుకుంటాయి, ముక్కు పక్క మడతలు లోతవుతాయి. మరీ నెలలు తక్కువ బిడ్డల్లో అదీ సరిగా కనపడదు. ఆ మౌనాన్ని వైద్యులు చాలాకాలం నొప్పి లేకపోవడం కిందే లెక్కేశారు.

నరాల మీద మైలిన్ పొర పూర్తిగా ఏర్పడలేదు కాబట్టి నొప్పి తెలియదన్నది అప్పటి వాదన. నిజానికి నొప్పిని మోసే సన్నని నరాల్లో చాలావాటికి పెద్దవాళ్లలోనూ ఆ పొర ఉండదు. మత్తు ఇస్తే బీపీ పడిపోతుందన్న భయం మాత్రం ఉత్తిది కాదు. ఆ భయంతోనే 1980ల దాకా చాలాచోట్ల గుండె దగ్గరి రక్తనాళం మూసే ఆపరేషన్‌కు కూడా కండరాలు కదలకుండా చేసే మందు, కాస్త నైట్రస్ ఆక్సైడ్‌ (తేలికపాటి మత్తు వాయువు)తో సరిపెట్టేవారు. బిడ్డ కదల్లేదు, అంతే. నొప్పి ఎక్కడికీ పోలేదు.

ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేస్తున్న భారత సంతతి వైద్యుడు కన్వల్‌జీత్ ఆనంద్ దీన్ని పరీక్షకు పెట్టారు. ఈ ఆపరేషన్ అవుతున్న 16 మంది నెలలు నిండని పిల్లల్లో సగం మందికి మామూలు పద్ధతికి తోడు ఫెంటానిల్ అనే బలమైన నొప్పి మందు ఇచ్చారు. ఇవ్వనివాళ్ల రక్తంలో ఒత్తిడి హార్మోన్లు బాగా పెరిగాయి, ఆపరేషన్ తర్వాత ఇబ్బందులూ ఎక్కువయ్యాయి. 1987లో లాన్సెట్ వైద్య పత్రికలో ఈ ఫలితాలు వచ్చాక, పసిపిల్లలకు మత్తు అక్కర్లేదనే మాట నిలబడలేదు.

తర్వాత చాలా యూనిట్లలో వెంటిలేటర్ పెట్టగానే మార్ఫిన్ డ్రిప్ మొదలుపెట్టడం మామూలైంది. ఉద్దేశం మంచిదే. కానీ 898 మంది పిల్లలతో చేసిన నియోపెయిన్ అధ్యయనం 2004లో వేరే సంగతి చెప్పింది: అందరికీ మార్ఫిన్ ఇచ్చినందువల్ల మరణాలు గానీ మెదడులో తీవ్ర రక్తస్రావం గానీ తగ్గలేదు, పైగా బీపీ పడిపోవడం పెరిగింది. మడమ గుచ్చినప్పుడు కలిగే నొప్పికి డ్రిప్ చాలదని కూడా తేలింది. మిడజోలం అనే నిద్ర మందు సంగతి ఇంకా తిరకాసు: అది నిద్రపుచ్చుతుందే గానీ నొప్పి తగ్గించదు. నిద్రపోతున్న బిడ్డను చూసి మనం టెన్షన్ తగ్గించుకుంటాం, బిడ్డకు ఒరిగేదేమీ లేదు.

నన్ను ఎక్కువగా కలచివేసేది 2008లో వచ్చిన పారిస్ ప్రాంతపు లెక్క. అక్కడ 430 మంది నవజాత శిశువులను గమనిస్తే ఒక్కో బిడ్డకు రోజుకు సుమారు 10 నొప్పి కలిగించే పనులు జరుగుతున్నాయి. వాటిలో 79 శాతం పనులకు ముందు నొప్పి తగ్గించే ఏర్పాటేమీ లేదు. ఆపరేషన్ల గురించి అంత గొడవ జరిగిన 20 ఏళ్ల తర్వాత కూడా!

ఇప్పుడు మార్ఫిన్‌ను అందరికీ కాక, నొప్పి స్కోరు చూసి అవసరమైనవాళ్లకే ఇస్తున్నారు. అత్యవసరం కాకపోతే గొట్టం వేసేముందు నొప్పి మందు ఇవ్వాలంటున్నారు. చిన్న గుచ్చుళ్లకు చక్కెర నీటి చుక్కలు, తల్లి ఒంటి స్పర్శ పనిచేస్తాయి. రక్త పరీక్షలన్నీ ఒకే గుచ్చుతో కలిపి తీయడం, వీలైనచోట గొట్టం బదులు సీప్యాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి అందించే పద్ధతి) వాడటం వల్ల మందు అవసరమే తగ్గుతోంది.